తప్పులు చెప్పుకునే గది

చిన్న కోడలు ఈ దేశానికి వచ్చేటప్పుడు రెండు పెట్టెలు తెచ్చుకుంది. విమానం వాళ్ళు ఆ రెండింటినీ ఇంకెక్కడికో పంపించేశారు. చెక్కుచెదరకుండా దిగింది ఆవిడ మాతృభాష ఒక్కటే. పోగొట్టడానికి అది ఎవరి చేతికీ దొరకలేదు మరి. సొంత దేశంలో ఆరేళ్ళు ఆ భాషే పాఠం చెప్పింది కాబట్టి, ఇక్కడి పిల్లలకు దాన్నే పరాయి భాషగా నేర్పుదామని శిక్షణలో చేరింది. ఆ ఆరేళ్ళ అనుభవాన్ని ఇక్కడి ఆఫీసువాళ్ళు మర్యాదగా చదివి, మర్యాదగా పక్కన పెట్టి, మొదటి మెట్టు మీద నిలబెట్టారు.

చిక్కు భాషతో రాలేదు, బడితో వచ్చింది. అక్కడ టీచరు గదిలోకి అడుగుపెడితే పిల్లలు లేచి నిలబడతారు. ఇక్కడ పిల్లలు తీరుబడిగా కూర్చునేదాకా టీచరు నిలబడి ఉండాలి. అక్కడ తప్పు చెప్పిన పిల్లను అప్పటికప్పుడే దిద్దాలి. ఇక్కడ "బాగా ఆలోచించావమ్మా, ఇంకెవరైనా చెప్తారా?" అంటూ నవ్వు మొహం పెట్టాలి. మొదటి వారం ఆ నవ్వుకు చిన్న కోడలి బుగ్గలు నొప్పెట్టాయి.

ఇలా బయటినుంచి వచ్చిన శిక్షణ టీచర్లకు దారి చూపించడానికి బడికొక తోడు టీచరును పెడతారు. ఈ బడిలో ఆ తోడు టీచరు ఎవరో కాదు, చిన్న కోడలికి స్వయానా తోడికోడలు. ఆవిడ ఎప్పుడో అదే దేశం నుంచి వచ్చి, అదే శిక్షణ చేసి, అదే భాష చెబుతూ స్థిరపడింది. ఈ చుట్టరికం తెలిసినప్పుడు హెడ్మిస్ట్రెస్ చప్పట్లు కొట్టినంత పని చేసింది.

"ఇంట్లోనూ తోడే, బళ్ళోనూ తోడే! ఇంకేం కావాలమ్మా నీకు?" అంది.

ఇంకేం కావాలో చిన్న కోడలికి బాగా తెలుసు. రెండు గదులు. శిక్షణ పాసయితే ఉద్యోగంతో పాటు బడి వెనకాల వీధిలో రెండు గదుల ఇల్లు ఇస్తారు. ఒకరోజు సాయంత్రం వెళ్ళి కిటికీలోంచి చూసి వచ్చింది కూడా. వంటగది ఎంత ఇరుకంటే అందులో ఒక్కరే పట్టగలరు. ఆ ఒక్కరూ తనే అయి ఉండాలన్నది ఆవిడ కోరిక.

ప్రస్తుతం మొగుడూ పెళ్ళాం ఉంటున్నది పెద్ద కోడలి ఇంట్లో. బావగారు ఉద్యోగరీత్యా నెలలో సగం రోజులు ఊళ్ళు పట్టుకు తిరుగుతాడు. ఇంట్లో అత్తగారు, పెద్ద కోడలి పిల్లలిద్దరు, హాల్లో అడ్డంగా ఒక సోఫా. ఇంటిపని చెయ్యమని చిన్న కోడలికి ఎవరూ చెప్పలేదు. చెప్పకుండా పని చేయించుకోవడంలో పెద్ద కోడలిది అందె వేసిన చెయ్యి. వచ్చిన కొత్తలో "కాస్త ఆ గిన్నె అందుకోవే" అంది. నెల తిరిగేసరికి గిన్నెలన్నీ చిన్న కోడలి చేతికే అందుతున్నాయి. రెండో నెలలో పొయ్యి అందింది. మూడో నెలలో పిల్లల స్నానాలు, హోంవర్కు, అత్తగారి మోకాళ్ళకు నూనె రాయడం కూడా అందాయి. పెద్ద కోడలు సాయంత్రాలు సంగీతం క్లాసుకు వెళ్ళడం మొదలుపెట్టింది.

"నువ్వొచ్చాకే అది మనిషయిందే చిన్నదానా. అంతకుముందు ఎప్పుడూ విసుక్కుంటూనే ఉండేది" అని అత్తగారు మెచ్చుకుంది. ఆ మెప్పులో ఎవరి వాటా ఎంతో చిన్న కోడలు తరచి చూడలేదు.

బళ్ళో ఒక పొరపాటు జరిగింది. ఒకనాడు పాఠం మధ్యలో రెండు జడల పిల్లనొకదాన్ని ఒక మాటకు అర్థం అడిగింది. పిల్ల తడుముకుంది. చిన్న కోడలు అలవాటు ప్రకారం, "నిలబడమ్మా, గుర్తొచ్చేదాకా ఆలోచించు, తొందరేం లేదు" అంది. వాళ్ళ దేశంలో అది శిక్ష కాదు. నిలబడ్డ పిల్లకు చుట్టుపక్కల వాళ్ళు గుసగుసగా సాయం చేస్తారు, టీచరు విననట్టు నటిస్తుంది, అందరికీ అదో సరదా. ఇక్కడ గది మొత్తం నిశ్శబ్దమైపోయింది. నిలబడ్డ పిల్ల మెడ దాకా ఎర్రబడింది. తర్వాత ఏడ్చింది. వెనక బల్ల మీద కూర్చుని గమనిస్తున్న పెద్ద కోడలు మెల్లగా లేచి వచ్చి, పిల్ల భుజం మీద చెయ్యేసి కూర్చోబెట్టింది.

గది బయటికి వచ్చాక చిన్న కోడలు ఆవిడ చెయ్యి పట్టుకుంది. "అక్కా, నేనేం చేశాను?"

"పదిమందిలో ఒక పిల్లను నిలబెట్టావు. ఇక్కడ దాన్ని అవమానించడం అంటారు. ఒక్కొక్కసారి ఉద్యోగాలే పోతాయి."

"అయ్యో! నాకు తెలియదక్కా. ఇప్పుడెలా?"

"నేనుండగా నీకేం భయమే? ఎవరికీ చెప్పను. పిల్లతో నేను మాట్లాడతాలే" అంది పెద్ద కోడలు. ఆ మాట నిలబెట్టుకుంది కూడా. పిల్ల ఇంట్లో చెప్పలేదు, బళ్ళో ఎవరికీ తెలియలేదు. ఆ రాత్రి చిన్న కోడలు కృతజ్ఞతతో ఇంకో రెండు గదులు ఎక్కువగా తుడిచింది.

శిక్షణ చివర్లో ఒక ఇన్‌స్పెక్టరు వచ్చి పాఠం చూస్తాడు. పాఠమైపోగానే పక్క గదిలో సమావేశం. ఈ బడుల పద్ధతి ఏమిటంటే, అక్కడ ముందుగా మాట్లాడాల్సింది పాఠం చెప్పిన మనిషే. తన తప్పులు తనే చెప్పుకోవాలి. ఎదుటివాళ్ళు ఒక్క మాట అనకముందే అనుకోవాలి. ఈ సంగతి విన్నప్పుడు చిన్న కోడలికి నవ్వొచ్చింది. వాళ్ళ దేశంలో పై అధికారి ముందు తప్పు ఒప్పుకున్న టీచరు మర్నాటికి టీచరుగా ఉండదు. తప్పును గోడ మీదికో, వాన మీదికో, పాత హెడ్మాస్టరు మీదికో నెట్టడం ఉద్యోగధర్మం.

"అక్కా, నిజంగానే చెప్పాలా?"

"చెప్పాలి. చేటపుస్తకంలో కూడా అదే ఉందిగా." బడివాళ్ళిచ్చిన లావుపాటి గైడును పెద్ద కోడలు చేటపుస్తకం అనేది. "దాచినట్టు కనిపించావో, అయిపోయావు. వీళ్ళకు నిజాయితీ అంటే ప్రాణం."

"ఎన్ని చెప్పాలి?"

పెద్ద కోడలు గోళ్ళు రుద్దుకుంటూ ఆలోచించింది. "ఎన్ని ఉంటే అన్ని. కడుపులో ఏదీ మిగుల్చుకోకు."

"ఆ పిల్లను నిలబెట్టిన సంగతి?"

"అది పాఠం రోజుది కాదుగా" అని ఆగింది పెద్ద కోడలు. ఆగి, ఉల్లిపాయలు తరుగుతున్న చిన్న కోడలి చేతులకేసి చూసింది. ఆ చేతులు ఎంత చురుగ్గా కదులుతాయో! ముక్కలన్నీ ఒకే కొలతలో పడుతున్నాయి. "కానీ నీ నోటితో నువ్వే చెబితే ఎంత పెద్దమనసు అనుకుంటారో ఆలోచించు. రేపెప్పుడో ఆ పిల్ల తల్లి చెబితే ఏమవుతుంది? నీ ఇష్టం. నేను చెప్పమననూ, వద్దననూ."

చిన్న కోడలు మంచి విద్యార్థిని. చిన్నప్పటినుంచీ టీచరు చెప్పింది చెప్పినట్టు రాసి ఫస్టు మార్కు తెచ్చుకున్న మనిషి. గిన్నెలు తోముతూ తప్పులు గుర్తు చేసుకుంది, పిల్లల జుట్టు దువ్వుతూ వాటిని వరసలో పెట్టుకుంది, మోకాళ్ళకు నూనె రాస్తూ అత్తగారికి అప్పజెప్పింది. ఆవిడకు సగమే వినపడింది.

"ఇన్ని తప్పులు చేశావుటే! అయ్యో పాపం" అంది అత్తగారు.

పాఠం రోజు రానే వచ్చింది. పాఠం దివ్యంగా కుదిరింది. బజారులో బేరమాడే సంభాషణ. నలుగురు పిల్లలు బల్లల్ని అంగళ్ళుగా చేసుకుని అరటిపళ్ళ ధర మీద నిజంగానే పోట్లాడుకున్నారు. రెండు జడల పిల్ల అందరికంటే గట్టిగా అరిచి, అందరికంటే చవగ్గా కొనేసింది. ఇన్‌స్పెక్టరు, సన్నగా పొడుగ్గా ఉండే మనిషి, రెండుసార్లు పైకే నవ్వాడు. గంట కొట్టాక కూడా పిల్లలు బేరం ఆపలేదు. చిన్న కోడలికి ఆ ఇరుకు వంటగది కళ్ళముందు మెదిలింది.

సమావేశం గది ఒకప్పుడు సామాన్ల గది. గోడవారగా చిరిగిన పటాలు, ఇరుసు విరిగిన ఒక గ్లోబు. కుర్చీలు చిన్నపిల్లలవి. వాటిలో కూర్చున్న పెద్దవాళ్ళ మోకాళ్ళు గడ్డాల దాకా వచ్చాయి. బల్లకు అటుపక్క ఇన్‌స్పెక్టరు, హెడ్మిస్ట్రెస్. ఇటుపక్క చిన్న కోడలు, ఆవిడ పక్కనే పెద్ద కోడలు. పెద్ద కోడలు ఆ రోజు కొత్త కళ్ళజోడు పెట్టుకుంది.

"చెప్పండమ్మా, ఎలా జరిగిందనుకుంటున్నారు?" అన్నాడు ఇన్‌స్పెక్టరు, పాస్ చేసేసిన గొంతుతో.

చిన్న కోడలు ఊపిరి పీల్చుకుని మొదలుపెట్టింది. పాఠం ఉద్దేశం బోర్డు మీద రాయడం మర్చిపోయానంది. ముందు వరసవాళ్ళనే ఎక్కువ పిలిచానంది. ఒక ప్రశ్న వేసి, పిల్లలు ఆలోచించకముందే జవాబు తనే చెప్పేశానంది. ఇన్‌స్పెక్టరు తలాడించాడు. హెడ్మిస్ట్రెస్ చిరునవ్వు నవ్వింది. ఆ నవ్వు చూసి చిన్న కోడలికి ఇంకా ఉత్సాహం వచ్చింది. కిటికీ పక్క కూర్చున్న పిల్లాడు పాఠమంతా ఒక్క మాటా మాట్లాడలేదని, అది తను గమనించి కూడా వదిలేశానని చెప్పింది. గొంతు పెంచానంది. కష్టమైనప్పుడల్లా పిల్లల భాషలోకి జారిపోయానంది. ఇన్‌స్పెక్టరు అంతవరకూ తెరవని కలం మూత తీశాడు. దాన్ని చిన్న కోడలు శుభసూచకం అనుకుంది.

"నిన్నా మొన్నటి తప్పులు కూడా చెప్పొచ్చాండీ?"

"మీకు చెప్పాలనిపిస్తే" అన్నాడాయన, రాసుకుంటూనే.

"కొన్నాళ్ళ క్రితం ఒక పిల్లను నిలబెట్టాను. జవాబు చెప్పలేదని. ఏడ్చింది."

కలం ఆగింది. హెడ్మిస్ట్రెస్ మొహంలో నవ్వు ఉన్నచోటే గడ్డకట్టింది.

"ఎంతసేపు?" అంది హెడ్మిస్ట్రెస్.

"కాసేపే. మా వైపు అది శిక్ష కాదండీ..."

ఆ వాక్యం సగంలో ఉండగానే అది నోట్లోంచి రాకూడదని చిన్న కోడలికి తెలిసిపోయింది. తప్పును వాన మీదికి నెట్టినట్టే వినిపించింది. పక్కకు తిరిగి పెద్ద కోడలి వంక చూసింది. పెద్ద కోడలు కళ్ళజోడు తీసి తుడుచుకుంటోంది.

"ఈ సంగతి మీకు తెలుసా?" అని ఇన్‌స్పెక్టరు తోడు టీచరును అడిగాడు. పద్ధతి ప్రకారం తోడు టీచరు కూడా తన తప్పులు చెప్పుకోవాలి. ఇప్పుడు ఆవిడ వంతు వచ్చింది.

పెద్ద కోడలు కళ్ళజోడు పెట్టుకుంది. "తెలుసండీ. అది నా తప్పే. వెంటనే మీ దృష్టికి తేవలసింది. కానీ మనిషి తనంతట తను ఒప్పుకుంటేనే ఎదుగుతుందని నమ్మాను, ఆగాను. నాకు మనుషుల మీద నమ్మకం కాస్త ఎక్కువ." ఒక్క క్షణం తల వంచింది. "ఇంకోటి కూడా ఉంది. శిక్షణలో ఉన్నవాళ్ళకు అవసరానికి మించి సాయం చేస్తాను. ఇంట్లో పని వదులుకుని మరీ చేస్తాను. దాన్ని తగ్గించుకోవాలి."

అంతే. రెండే రెండు తప్పులు. ఆ రెండూ పెళ్ళిచూపుల్లో మగపెళ్ళివారికి చెప్పే లోపాల్లాంటివి: అమ్మాయికి మొహమాటం ఎక్కువండీ, ఎవరేమడిగినా కాదనలేదండీ.

ఇన్‌స్పెక్టరు మొహం మెత్తబడింది. "మరీ అంత నిందించుకోకండి" అన్నాడు.

చిన్న కోడలు ఆ చిన్నపిల్లల కుర్చీలో కదలకుండా కూర్చుంది. ఇన్ని నెలల శిక్షణలో తోడికోడలి దగ్గర ఆవిడ నేర్చుకున్న మొదటి పాఠం అది. చాలా బాగా చెప్పింది. ఉదాహరణతో సహా.

ఫలితం చెప్పడానికి వాళ్ళు ఎక్కువసేపు తీసుకోలేదు. ఎంతో మర్యాదగా చెప్పారు. నిజాయితీని అభినందించారు. పాఠంలోని జీవాన్ని అభినందించారు. అయితే మీరే చెప్పిన లోపాలు ఇన్ని ఉన్నప్పుడు, అందులోనూ పిల్లల భద్రతకు సంబంధించినది ఉన్నప్పుడు, కాదనడానికి మాకేం మిగిలిందమ్మా అన్నారు. ఇంకో ఏడాది శిక్షణ.

"తోడు టీచరును మార్చమంటారా? అది మీ హక్కు. రేపు ఉదయం చెప్పండి" అంది హెడ్మిస్ట్రెస్. చిన్న కోడలు నోరు తెరిచేలోపు పెద్ద కోడలు ఆవిడ చెయ్యి పట్టుకుంది.

"నా చెల్లెలండీ ఇది. నేనొదులుకోను." ఆ చెయ్యి గట్టిగా, వెచ్చగా ఉంది. హెడ్మిస్ట్రెస్ కళ్ళు చెమర్చాయి.

ఇంటికొచ్చేసరికి సంగతి ముందే వచ్చేసింది. భర్త సోఫాలో కూర్చుని ఉన్నాడు.

"నిన్నెవరు అడిగారు ఆ పిల్ల సంగతి? నోరు కట్టుకోలేవూ? వదిన నీకోసం ఎంత చేసింది, ఆవిడ పరువు కూడా తీశావు" అన్నాడు.

"ఆవిడే చెప్పమందండీ."

"చెప్పమననూ, వద్దననూ అన్నానుగా!" అని పెద్ద కోడలు వంటగది గుమ్మంలోంచి గుర్తు చేసింది. అదీ నిజమే. ఆవిడ చెప్పిన ప్రతి మాటా నిజమే. ఏ గైడు తిప్పినా అవే ఉంటాయి. ఎవరి ముందు పెట్టి ఎలా ఫిర్యాదు చేస్తావు?

అత్తగారు మోకాళ్ళు చాపుకుని కూర్చుని జాలిగా నిట్టూర్చింది. "పోనీలేవే. అందరికీ పెద్దదాని తెలివి ఉంటుందా? రెండోసారి ఆ ఇన్‌స్పెక్టరు ముందుకు వెళ్ళినప్పుడు అది వారం రోజులు అద్దం ముందు నిలబడి అప్పజెప్పింది. రెండే ముక్కలు. నాకు కూడా నోటికొచ్చేశాయి. మనుషుల మీద నమ్మకం ఎక్కువట, సాయం ఎక్కువట. నాకు నవ్వాగలేదు."

గదిలో ఎవరూ నవ్వలేదు. భర్తకు అర్థం కాలేదు. అర్థం చేసుకునే ప్రయత్నం కూడా చెయ్యలేదు, టీవీ రిమోట్ వెతుక్కున్నాడు.

చిన్న కోడలు వంటగదిలోకి వెళ్ళింది. పెద్ద కోడలు స్టీలు డబ్బా మీద చెయ్యి ఆనించి నిలబడి ఉంది.

"రెండోసారి అంటే, మొదటిసారి మీరూ తప్పారా అక్కా?"

"తప్పాను."

"అన్నీ చెప్పారా?"

"పదకొండు చెప్పాను" అంది పెద్ద కోడలు. ఈసారి ఆవిడ గొంతులో తేనె లేదు. "నా తోడు టీచరు పక్కనే కూర్చుని తలాడించింది. నాకెవరు చెప్పారే, నీకు నేను చెప్పడానికి? ఏడాదంతా ఈ ఇంట్లో ఒక్కదాన్ని వండి, కడిగి, ఈవిడ కాళ్ళు పిసికి, అర్ధరాత్రి చదువుకున్నాను. నువ్వు మూడు నెలలు గిన్నెలు తోమి రెండు గదులు పట్టుకుపోదామనుకున్నావా?"

"పోతే మీకేం నష్టం?"

పెద్ద కోడలు తోమని గిన్నెల వైపు ఒక్కసారి చూసి, చూపు తిప్పేసుకుంది. అంత చదువుకున్న మనిషికి ఆ చూపును ఎలా దాచాలో తెలియలేదు.

చిన్న కోడలు హాల్లోకి వచ్చి నిలబడింది. "రేపు పొద్దున్న తోడును మార్చమని చెబుతాను" అంది, అందరికీ వినపడేలా.

భర్త లేచి నిలబడ్డాడు. "ఏమిటీ? ఆవిడ ఇంట్లో ఉంటూ, ఆవిడ తిండి తింటూ..."

"తిండి నేనే వండుతున్నానుగా. ఇంకోటి. బయటి మనిషి తోడు టీచరయితే బడి అయ్యాక సాయంత్రాలు కూర్చోబెట్టి చెబుతుందట. రోజూ చీకటి పడ్డాకే వస్తాను."

"మరి వంటో?"

అడిగింది పెద్ద కోడలు. మాట నోరు జారాక చేత్తో నోరు మూసుకోబోయి, ఆ చెయ్యి సగంలోనే ఆగిపోయింది. ఇన్ని నెలల్లో ఆ ఇంట్లో ఎవరూ అంత నిజాయితీగా ఒక్క ముక్క మాట్లాడలేదు.

"అదేమిటే, నువ్వున్నావుగా పెద్దదానివి" అంది అత్తగారు, కళ్ళు టీవీ మీదనుంచి తిప్పకుండా.

భర్త ఏదో అనబోయి, ఎవరిని అనాలో తేల్చుకోలేక వదిన వైపు చూశాడు. వదిన తన కొత్త కళ్ళజోడు తీసి అలమర మీద పెట్టి, చీర కొంగు బొడ్లో దోపుకుని, పొయ్యి ముందుకు వెళ్ళింది. ఆ రాత్రి కూర మాడింది. ఆవిడ వరసగా కంచాలు పెట్టింది: అత్తగారికి, మరిదికి, పిల్లలిద్దరికి, తనకు. చిన్న కోడలి చోటు ఖాళీగా వదిలేసింది.

"నా పక్క హాల్లో వేసుకుంటాను" అన్నాడు భర్త, కంచం లోకి చూస్తూ.

"మీ ఇష్టం" అంది చిన్న కోడలు. లేచి వెళ్ళి తన కంచం తనే తెచ్చుకుంది. మాడిన ముక్కలు పక్కకు తోసి, మిగిలింది వడ్డించుకుని, వాళ్ళ మధ్యనే కూర్చుని తినడం మొదలుపెట్టింది.